చీమలు వచ్చేదాకా

ఈ పొద్దున కరివేపాకు చెట్టు మీద చెయ్యి వేశాను. వేళ్లు ఆకుకు అంటుకున్నాయి. బెల్లం పాకాన్ని ముట్టినట్టు సన్నటి జిగట. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నా చూపు ఆకు మీద నిలవలేదు. నేరుగా చెట్టు మొదలుకు పోయింది. చీమలు ఉన్నాయా? ఉంటే నడుస్తున్నాయా?

నడుస్తున్నాయి. ఒక వరుస పైకి, ఒక వరుస కిందికి. పక్కనున్న బండ మీద కూలబడి, "స్వామీ, నీ దయ" అనుకున్నాను.

ఆకు జిగట పడితే ముందు చీమల్ని చూడాలని నాకు నేర్పిన మనిషి పోయి నెల దాటింది. ఆయన పేరు ఇక్కడ రాయను. బతికి ఉన్నప్పుడు ఎవరైనా నలుగురిలో తన పేరెత్తి మంచిగా మాట్లాడితే లేచి పక్కకు పోయేవాడు. నేను అన్నా అనేదాన్ని. ఇక్కడా అంతే.

ఆయన చీనీ తోటలకు మందు కొట్టే పనిలో బతికిన మనిషి. కోస్తావాళ్లు బత్తాయి అనే కాయనే మేము చీనీ అంటాం. ఉరవకొండ చుట్టుపక్కల ఏ తోటలో పురుగు పడినా ఒకప్పుడు ఆయన కోసమే కబురు పోయేదట. వీపుకు పంపు తగిలించుకుని, మూతికి తువ్వాలు కట్టుకుని పొద్దస్తమానం కొట్టేవాడట. నేను చూసేనాటికి ఆ పని మానేసి చాలా ఏళ్లయింది. వేళ్లు ఎప్పుడూ సన్నగా వణికేవి. కళ్లు కారేవి. విషపు మందు ముట్టేవాడు కాదు గానీ, చెట్టుకు ఏమొచ్చిందో చెప్పడానికి మాత్రం పిలిస్తే వచ్చేవాడు.

జేబులో గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం ఒకటి ఉండేది. నడుము వంగదు కాబట్టి ఆ అద్దాన్ని ఆకు కిందికి పెట్టి, ఆకు అడుగు భాగాన్ని అందులో చూసేవాడు. చెయ్యి వణుకుతుంటే అద్దంలోంచి ఎండ చుక్క ఎగిరి మా గోడ మీద, దూలం మీద, ఒక్కోసారి మా అత్త మొహం మీద ఆడేది. "ఏమప్పా, నా మొగంలో గూడా పురుగుండాదేమో చూస్తాండావా?" అనేది మా అత్త. ఆయన నవ్వకుండా, "ఉంటే చెప్తాలే అవ్వా" అనేవాడు.

ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చింది మా భయం వల్లే. చాలా ఏళ్ల కిందట ఒక పొద్దున మా పెరట్లో మందారం, నందివర్ధనం, కరివేపాకు మూడూ నూనె పూసినట్టు మెరిశాయి. ముట్టుకుంటే బంక. చెట్టు కింద బండలు కూడా బంక. కాలికి అంటి, నడిస్తే చప్పుడయ్యేది. నాలుగు రోజులకు ఆకుల మీద పొయ్యి మసిలాంటి నలుపు పట్టింది. ఈ సీమలో చుక్క నీళ్లు పోసి పెంచిన చెట్లు. బియ్యం కడిగినవీ గిన్నెలు తొలిచినవీ వాటికే పోసి, పూసిన పువ్వు పూసినట్టు స్వామికి పెట్టుకున్న చెట్లు. మా అత్త చూసి గుండెలు బాదుకుంది.

"ఎవరో ఏందో చల్లినారు. రాత్రికి రాత్రి ఇట్లయితాదా? పువ్వు ముట్టుకోవద్దు. సామికి పెట్టద్దు."

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, పుణ్య కథలు చదివించి పెంచాడు. అలాంటి మాటలు నమ్మకూడదని ఆయన చెప్పాడు. అయినా ఆ వారం నేను సరిగా నిద్రపోలేదు. కోసిన పువ్వు దేవుడి దగ్గర పెట్టాలంటే చెయ్యి రాలేదు.

మా ఇంటాయన చీనీ తోటకు పోతూ దారిలో అన్నను పిలుచుకొచ్చాడు. ఆయన గేటు దగ్గరే నిలబడి బంక పడిన ఆకులను చూశాడు. తర్వాత వాటిని వదిలేసి పై కొమ్మ వైపు తలెత్తాడు.

"ఈ ఆకులో ఏమీ లేదమ్మా. బంక పడిన ఆకులో పురుగుండదు. దాని మీదుండే ఆకును తిప్పి చూడల్ల."

అద్దం పెట్టి చూపించాడు. పై ఆకుల అడుగున పచ్చటి పేలు కుప్పలుగా అంటుకుని ఉన్నాయి. పేనుబంక. లేత చిగురులో మూతి గుచ్చి రసం తాగుతాయట. తాగింది ఎక్కువై వెనకనుంచి తీపి నీళ్లుగా కిందికి వదులుతాయట. ఆ తీపికి చీమలు వస్తాయి. ఆ తీపి మీదే మసి పడుతుంది. చీమలు ఆ పేలను మేపుకుంటాయని, వేరే పురుగు వచ్చి వాటిని తినకుండా కాపలా కాస్తాయని చెప్పాడు.

"మనం మేకల్ని మేపుకున్నట్ల" అన్నాడు. అని ఎందుకో టక్కున ఆగిపోయాడు.

మా అత్తకు దిగులు తీరింది. దిగులు తీరగానే సరసం పుట్టింది. "తీపి నీళ్లంటాండావే, నాకి చూద్దామా?"

ఆయన ఆ మాటకు రెండడుగులు వెనక్కి వేశాడు. ముఖం మారిపోయింది. "నాకద్దవ్వా. ఏదీ నాకద్దు. చెట్టు మీదిది ఏదీ నోట్లో పెట్టద్దు." ముసలమ్మ సరదాకు అన్న మాటకు ఈ మనిషి ఎందుకంత బెదిరాడో అప్పుడు మాకు అర్థం కాలేదు.

వైద్యం కూడా ఆయనదే ఒక పద్ధతి. నీళ్లు కరువు కాబట్టి చెట్టు మీద బిందెలు కుమ్మరించనిచ్చేవాడు కాదు. పాత పంచె గుడ్డ తడిపి, కింద బేసిన్ పట్టించి, ఒక్కో ఆకునూ చంటిబిడ్డ మొహం తుడిచినట్టు తుడిచేవాడు. కారిన నీళ్లు మళ్లీ బేసిన్‌లోకి. చిగురు పూర్తిగా పేలు పట్టిన కొమ్మలు కత్తిరించి దూరంగా పూడ్పించాడు. వేపగింజలు దంచి, గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానబెట్టి, ఆ కషాయంలో కుంకుడురసం కలిపి ఎండ ఎక్కకముందు గానీ దిగాక గానీ ఆకు అడుగున పడేలా కొట్టమన్నాడు. వారం వారం, మూడు వారాలు. యూరియా వేయొద్దన్నాడు. "బలంగా మేపితే చిగురు మెత్తగా వస్తాది. మెత్తగుండేదే పేనుకు కావల్ల." ఎర్రటి అక్షింతల పురుగులు కనబడితే చంపొద్దన్నాడు. అవి ఈ పేలను తింటాయట. అక్షింతలు అనే మాట వినగానే నాకు ఆ పురుగుల మీద భక్తి పుట్టింది.

చెట్ల మొదలుకు గుడ్డ చుట్టి, దానిపైన గ్రీజు పూశాడు, చీమలు ఎక్కకుండా. మందారానికి, కరివేపాకుకు చుట్టాడు. నందివర్ధనాన్ని వదిలేశాడు.

"దానికీ చుట్టన్నా" అన్నాను.

"అది వాటికి వదిలెయ్యమ్మా. చీమలు కనపడతాండల్ల."

"ఎందుకు?"

"కనపడతాండల్ల అంతే" అన్నాడు.

అన్నం వేళకు ఆయన మా ఇంట్లో తినేవాడు కాదు. తన టిఫిన్ గిన్నె తెచ్చుకుని వేపచెట్టు కింద అటు తిరిగి కూర్చునేవాడు. ముందు బూడిదతో చేతులు మోచేతుల దాకా రుద్దేవాడు, కడిగేవాడు, మళ్లీ రుద్దేవాడు. నీళ్లు గ్లాసులో ఇస్తే వద్దనేవాడు. "దోసిట్లో పొయ్యమ్మా. నా చేతులు మంచివి గావు, మీ గ్లాసు ఎందుకు." మొదట్లో నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో అలాంటివి లేవని చెప్పాను. ఆయన అంతకన్నా నొచ్చుకుని, "నువ్వనుకునేది కాదమ్మా. ముప్పై ఏండ్లు పంపు పట్టిన చేతులు" అన్నాడు.

గిన్నె మూత తీయగానే ఒక చిటికెడు సంగటి తీసి నేల మీద పెట్టేవాడు. పెట్టి, తినకుండా కూర్చునేవాడు. చీమ ఒకటి వచ్చి, దాన్ని పట్టుకుని, తిరిగి నడిచిపోయేదాకా. అప్పుడు మొదటి ముద్ద. మా అత్త ఇది చూసి కళ్లు ఒత్తుకుంది. "చూసినావేమే, చీమకు పెట్టి తాను తింటాడు. ఎంత పుణ్యాత్ముడో."

ఆ మాట ఆయన చెవిన పడింది. "పుణ్యం గాదవ్వా, భయం" అని నవ్వాడు. మేము వినయం అనుకున్నాం.

ఇక ఆ శనివారం సంగతి.

కషాయం రెండు వారాలు కొట్టాం. పేలు తగ్గాయి గానీ నలుపు పూర్తిగా పోలేదు. శుక్రవారం సాయంత్రం మా ఇంటాయన దగ్గర నేనే వాపోయాను. "రేపు సామికి ఒక్క మంచి పువ్వు గూడా లేదు. చెట్లు చూస్తే ఏడుపొస్తాంది." ఆయన విని ఆవుకు గడ్డి వెయ్యడానికి లేచాడు. మాట తక్కువ మనిషి.

మా ఊళ్లో శనివారం ఆంజనేయస్వామికి ఒక్కో ఇంటివాళ్లు చిత్రాన్నం చేసి తీసుకుపోతాం. నైవేద్యం అయ్యాక బడిపిల్లలు ఆకు దొన్నెలు పట్టుకుని వరుసగా నిలబడతారు. ఆ వారం వంతు మాది. తలస్నానం చేసి, తడి జుట్టుతోనే పెరట్లోకి పోయి కరివేపాకు కోశాను. ఆకు తడిగా ఉంది. వెల్లుల్లి లాంటి ఘాటు వాసన వచ్చింది. అన్న ఆ పొద్దున మూడో విడత కొట్టడానికి వస్తానని చెప్పి ఉన్నాడు. వచ్చి కొట్టి పోయాడేమో, ఈసారి కషాయంలో వెల్లుల్లి దంచి వేశాడేమో అనుకున్నాను. అనుకుని, దోసెడు ఆకు పోపులో వేశాను. మూడు నీళ్లు కడిగే వేశాను. ఇంకో గుప్పెడు ఆకును ఎదురింటి చిన్నమ్మకు ఇచ్చాను. వాళ్ల కూతురు బాలింత. బాలింతకు మొదటి ముద్దలో కరివేపాకు పొడి పెడతారు మా దగ్గర.

తపేలా పంచలో దించి పైన తెల్లగుడ్డ కప్పాను. స్వామి అన్నం రుచి చూడం కదా, ఎవరమూ ముట్టలేదు. నేను చీర మార్చుకుని వచ్చేసరికి అన్న గేటు తీసుకుని లోపలికి వస్తున్నాడు. ఎప్పటిలాగే మొదట చెట్ల దగ్గరికి పోయాడు. కరివేపాకు మొదట్లోకి చూశాడు. అద్దం తియ్యలేదు. వంగని నడుమును వంచి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఈ చెట్టుకు ఏం కొట్టినారు?"

"నువ్వే కదన్నా కొట్టింది?"

"నేనిప్పుడే వస్తాండా." లేచి నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. "గ్రీజు గుడ్డ కింద చీమలు కుప్ప పడి చచ్చిండాయి. ఒకటి గూడా కదల్లేదు. ఈ ఆకు వంటలో ఏసినావా?"

"ఏసినా. సామికి..."

నా మాట పూర్తి కాలేదు. ఎప్పుడూ మా గడప తొక్కని మనిషి చెప్పులతో పంచలోకి వచ్చాడు. కాలెత్తి తపేలాను తన్నాడు.

అది బండల మీద దొర్లింది. పసుపుపచ్చటి అన్నం, వేరుశనగపప్పు, ఆకులు, అంతా పెరట్లోకి చిందింది. మా అత్త కేక వేసింది. "సామి అన్నమురా! కాలితో తంతావా! నీ కాలిరగ!" నేను కూడా అరిచాను. ఏమన్నానో గుర్తుకు తెచ్చుకోవడం ఇష్టం లేదు. ఆయన ఆ తిట్లు విననట్టే, ఎగిరి దగ్గరికి వస్తున్న మా కోడిని తువ్వాలుతో అదిలిస్తున్నాడు.

"తిట్టుకోండమ్మా. ముందు ఈ కోళ్లను మూసి పెట్టండి. ఎవరన్నా తిన్యారా? అవ్వా, నువ్వు తిన్యావా? నాలిక మీద గూడా పెట్టలేదు కదా?"

"నైవేద్యం గాకముందు ఎవరు తింటారు రా!"

"సామీ" అని ఆయన గోడ పట్టుకున్నాడు. వెంటనే నా వైపు తిరిగాడు. "ఈ ఆకు ఇంకెవరికైనా ఇచ్చినావా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎదురింటి వైపు చెయ్యి చూపించాను.

వీధి దాటడానికి ఎన్ని అడుగులు? పది ఉంటాయేమో. ఆ పది అడుగులు నేను ఇంకా పరిగెడుతూనే ఉన్నాననిపిస్తుంది కొన్ని రోజులు. ఎదురింటి చిన్నమ్మ వసారాలో కంచం కడుగుతోంది.

"చిన్నమ్మా! అమ్మాయి తినిందా?"

"ఇప్పుడే. మొత్తం తినింది తల్లీ, పొడేసి నెయ్యేసి పెట్టినా. ఏమట్ల ఆయాసపడతాండావు?"

"ఏ పొడి? ఏ ఆకు?"

"ఏ ఆకేందమ్మా, మీ ఆకే. ఊళ్లో ఇంకెవరికుండాది కరేపాకు?"

స్తంభం పట్టుకున్నాను. వీధిలోంచి ఆయన గొంతు వినబడింది. ఆయన గేటు దాటి లోపలికి రాలేదు. "ఎప్పటి ఆకో అడుగమ్మా! ఎప్పటిదో అడుగు!"

"మంగళవారం నువ్విచ్చినది కదా" అంది చిన్నమ్మ, ఇద్దరినీ వింతగా చూస్తూ. "ఈ పొద్దుటిది మిద్దె మీద చాటలో నీడకు ఆరేసినా. తడిగా ఉంటే పొడి అయితాదా ఎవరికన్నా?"

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. చాటలో ఆకు అంతా ఉంది. నా గుప్పెడు ఆకు నా కంటికి తెలిసిపోయింది. దాన్ని కొంగుకు తగలకుండా గుడ్డలో మూట కట్టి దిగాను. లోపల పాప ఏడుస్తోంది. వీధిలో నిలబడి ఆయన అడిగాడు.

"ఏడుస్తాందా బిడ్డ?"

"ఏడుస్తాందన్నా."

"ఏడవనీ. గట్టిగా ఏడవనీ" అన్నాడు. ఆ మాట అంటూ ఆయన కూడా ఏడుస్తున్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన మమ్మల్ని వదల్లేదు. నా చేత సబ్బుతో మోచేతుల దాకా కడిగించి, మళ్లీ స్నానం చేయించి, చీర విడిగా ఉతికించాడు. అన్నాన్ని మట్టితో సహా పారతో ఎత్తించి ఊరి బయట లోతుగా పూడ్పించాడు. ఆకు కోసింది చేతులతోనే అయినా, ఒంటికి చెమటలు పట్టినా నోట్లో నీళ్లూరినా వెంటనే చెప్పాలన్నాడు. నాకు చెమట పడుతూనే ఉంది. అది భయం చెమటో మందు చెమటో తెలియక ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి చూసి, ఏమీ లేదు పొమ్మన్నారు. ఆ డాక్టరమ్మకు నేను రెండు చేతులా దండం పెట్టాను.

మా ఇంటాయనకు ఫోను పోగానే తోటనుంచి వచ్చాడు. చెట్లకు కొట్టింది ఆయనే. తోటలో మిగిలిన మందు సజ్జ మీద ఉంటే, తెల్లారకముందే మూతెడు కలిపి కొట్టి పోయాడు. నాతో చెబితే వద్దంటానని చెప్పలేదు. స్వామికి పువ్వు లేదని నేను ఏడ్చినందుకు కొట్టాడు. కరివేపాకుకు కూడా అదే పేను కదా అని దానికీ కొట్టాడు. తోటలో చెట్లను చూసే కంటితోనే పెరటిని కూడా చూశాడు. తోటలో కొట్టిన చెట్టు కాయను రోజులు లెక్కపెట్టి కోస్తాం. పెరటి ఆకును గంటలో పోపులో వేస్తాం. ఆ తేడా ఆయనకు తట్టలేదు.

ఆయన పంచలో తల వంచుకుని కూర్చుంటే, మా అత్త తిట్టడం మొదలుపెట్టింది. అన్న ఆపాడు.

"ఊరుకో అవ్వా. పెండ్లాం కోసం కొట్టినాడు, పగకు కొట్టలేదు కదా." తర్వాత ఆయన వైపు తిరిగి, మెల్లగా, "ఏమప్పా, పంపు యాడ కడిగినావు?" అన్నాడు.

మా ఇంటాయన తలెత్తాడు. మొహంలో నెత్తురు లేదు. "తొట్టి దగ్గర" అన్నాడు.

ఇద్దరూ లేచి పరిగెత్తారు. ఆ తొట్టిలో తాగే ఆవు ఇంకా మేతనుంచి రాలేదు. తొట్టి నీళ్లన్నీ ఖాళీ చేసి, మట్టితో తోమి, దాన్ని రెండు రోజులు బోర్లించి ఉంచారు. కరివేపాకు చెట్టును మొదలంటా కొట్టేశారు. "మళ్లీ చిగురేస్తాదిలే, దానికి మనంత పంతం ఉండదు" అన్నాడు అన్న. మందారం పూలు ఆ నెలంతా దేవుడి గూటిలోకి రానివ్వలేదు. ఆ శనివారం ఆటో ఎక్కకముందే స్వామికి ఒక బెల్లం ముక్క పెట్టాను. బడిపిల్లలు ఖాళీ దొన్నెలు పట్టుకుని తిరిగిపోతుంటే చూశాను. వాళ్ల మొహాలు ఒక్కొక్కటి చూశాను. అందరూ ఉన్నారు.

పోయేముందు అన్న గేటు దగ్గర ఆగాడు. పొద్దున్నుంచి ఆ మనిషి మొహంలో ఉన్న బెదురు పోలేదు, ఇంకాస్త పెరిగింది.

"అమ్మా, ఒక మాట. సామి అన్నం కాలితో తన్నినా. చేత్తో తీసేది భయమయింది, చేతులు వణికితాండాయి, అన్నం ముట్టేది నాతో కాదు. సామి నన్ను ఏమన్నా అంటాడా?"

మా నాయన చెప్పిన కథల్లో ఇలాంటి ప్రశ్నలకు జవాబులు ఎన్నో ఉన్నాయి. ఆ క్షణంలో ఒక్కటీ రాలేదు. నాకు ఇంకా భయం దిగలేదు. "తెలీదన్నా" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ "తెలీదు" నన్ను వారమంతా పొడిచింది. మళ్లీ శనివారానికి సంతలో కొన్న కరివేపాకుతో చిత్రాన్నం చేసి, స్వామికి పెట్టి, ప్రసాదం విస్తరాకులో కట్టుకుని ఆయన ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, సామి పంపినాడు. పోయిన వారం నీ కాలు రాకపోయింటే ఆ పిల్లలు ఈ వారం గుడికి వచ్చేవాండ్లు కాదు. ఆ కాలు కూడా ఆయనే పంపినాడనుకుంటాండా."

ఆయన రెండు చేతులూ చాచాడు. మా ఇంటి అన్నం ఆయన తీసుకోవడం అదే మొదటిసారి. కళ్లకు అద్దుకున్నాడు. అద్దుకుని, చిటికెడు తీసి నేల మీద పెట్టాడు. ప్రసాదమైనా సరే.

చీమ కోసం ఇద్దరం కూర్చున్నాం. అప్పుడు, అడగకుండానే చెప్పాడు.

"వయసులో ఒగనాడు తోటకు మందు కొట్టి ఇంటికొచ్చినా. తువ్వాలు అంతా చెమట, మందు. దండెం మీద ఏసినా. మా మేక దాన్ని నాకింది. ఉప్పు కోసం నాకుతాది కదా మేక. పొద్దునకు కాళ్లు కొట్టుకుని చచ్చిపాయ. అప్పటికే దాని పాలు పిండి పిల్లోళ్లకు పోసింది మా ఇంటామె. ఆ దినమంతా పిల్లోళ్ల మొగాలు చూస్తా కూర్చున్యా." చీమ వచ్చిందేమోనని నేల వైపు చూశాడు. "ఏమీ కాలేదులే. మేక కాబట్టి సరిపాయ. అప్పటినుంచి నా చేతిలోది ఏదైనా ముందు చీమ తినల్ల."

చీమ వచ్చింది. మెతుకు పట్టుకుంది. నడిచింది. అది గోడ సందులోకి పోయేదాకా చూసి, ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "బాగుండాదమ్మా, ఉప్పు రవంత తక్కువ" అన్నాడు.

ఆయన పోయిన రోజు నేను వెళ్లాను. ఆ చేతులు వణకకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. ఆ ఇంట్లోవాళ్లు ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇక ఎవరు చూస్తారు అనిపించింది.

ఈ పొద్దున మళ్లీ బంక. చిగురించిన కరివేపాకు మీదే. గ్రీజు గుడ్డ ఎండిపోయింది, చీమలు ఎక్కేశాయి. నేను బండ మీదనుంచి లేచి, బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి, బంక పడిన ఆకును వదిలి పై ఆకు కింద పెట్టి చూశాను. అవే పేలు. వాటి మధ్య రెండు అక్షింతల పురుగులు. గుడ్డ తడిపి తుడిచాను. సాయంత్రానికి కషాయం కావాలంటే రాత్రే నానబెట్టాల్సిన వేపగింజలు నానబెట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మా ఇంటాయన పశువుల దగ్గర ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయి అడిగాను.

"ఏమన్నా కొట్టినావా?"

"లేదు" అన్నాడు. ఆయన మీద నాకు నమ్మకం ఉంది. అయినా ఇన్నేళ్లుగా ఆకు కోసిన ప్రతిసారీ అడుగుతాను. ప్రతిసారీ ఆయన మొదటిసారి విన్నట్టే, విసుక్కోకుండా జవాబు చెబుతాడు.

ఈ రోజు శనివారం. వంతు మాది. చిత్రాన్నం దించి, తెల్లగుడ్డ కప్పకముందే, కళ్లు మూసుకుని స్వామికి చెప్పుకుని, చిటికెడు తీశాను. స్వామికంటే ముందు చీమకు పెడుతున్నానని మా అత్త ఉన్నన్నాళ్లూ కోప్పడేది. నందివర్ధనం మొదట్లో ఆకు మీద పెట్టి, కూర్చున్నాను. గుడి గంట మోగింది. పిల్లలు దొన్నెలు పట్టుకుని వీధిలో పోతున్నారు.

మా ఇంటాయన చేతులు కడుక్కుని వచ్చాడు. "ఏమే, పొద్దెక్కింది. పోదామా?"

"చీమలు రాలేదింకా" అన్నాను.

ఆయన గోడవారనున్న తపేలా వైపు చూశాడు. తర్వాత పంచె సర్దుకుని నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆ మెతుకుల వైపే చూస్తూ కూర్చున్నాం.